మా షాపులో రెండేళ్ళ మంగళవారం

ముందుగా ప్రమాణం. మా షాపులో ఉన్న యూపీఎస్ మీద కుడిచెయ్యి పెట్టి చెబుతున్నాను: కింద రాయబోయే ప్రతి మాటా నిజం. యూపీఎస్ మీద ప్రమాణమేమిటని నవ్వేవాళ్ళు ఒక్క వేసవి ఆత్మకూరులో గడిపి చూడండి. కష్టకాలంలో మనిషి దేన్ని తలుచుకుంటాడో దాని మీదే ఒట్టు పెట్టాలి. ఇందులో ఒక్క అక్షరం కల్పించినా మా రూటర్ దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోవు గాక.

ఇదొక సర్వనాశనం కథ. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసుకునే ఆరుగురు ఆడవాళ్ళ ఉలులను అటకెక్కించబోయిన ఒక మేధావి కథ. ఆ మేధావిని నేనే. సిగ్గుపడాల్సిన చోట నాకు గర్వంగా ఉంది, ఏం చేయమంటారు? తప్పులు అందరూ చేస్తారు. ఇంత శ్రద్ధగా, రోజుకు మూడు పూటలా, వేళ తప్పకుండా చేసినవాడు మా రెవెన్యూ డివిజన్లో ఇంకొకడుంటే తీసుకురండి, నా కుర్చీ ఇచ్చేస్తాను.

అప్పటికి నాకు నలభై నిండలేదు. ఆత్మకూరు బస్టాండు పక్క సందులో "దానియేలు కంప్యూటర్స్" అని బోర్డు. దానియేలు అంటే నేను. మా తాత మిషను బడిలో అయ్యవారు, మా నాయన చర్చిలో హార్మోనియం వాయించేవాడు, నేను కీబోర్డు వాయించేవాణ్ణి. షాపులో సగం నాది, సగం నా చిన్ననాటి స్నేహితుడు పెంచలయ్యది. వాడు కంప్యూటరు జాతకాలు తీసేవాడు. నాకు జాతకాల మీద నమ్మకం లేదు, వాడికి కంప్యూటర్ల మీద నమ్మకం లేదు. అందుకే మా స్నేహానికి ఇన్నేళ్ళుగా బీట పడలేదు.

షాపులో కంప్యూటర్లు రెండు. ఒకటి టైపింగుది, దానికి నెట్ లేదు. రెండోది పెద్దది. పెంచలయ్య జాతకాలు, నా ప్రోగ్రాములు, పెళ్ళి కార్డులు, ఒక్కమాటలో చెప్పాలంటే మా సంసారమంతా దాంట్లోనే. ఆ జాతకాల సాఫ్ట్‌వేరును ముప్పై రోజులు ఊరికే వాడుకోవచ్చు. తర్వాత కొనాలి. ముప్పయ్యో రోజున పెంచలయ్య మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"రేపటి నుంచి తెరుచుకోదంటరా దానియేలూ. గడువు అయిపోయిందంట."

"ఎవురన్నారు?"

"అదే చెప్తుండాది తెర మీద."

"దానికెట్ట తెలుసురా? కంప్యూటర్లో తేదీ చూసుకోని గదా! ఆ తేదీ యాడుండాది? మన చేతిలో ఉండాది!"

అన్నాను, అని ఊరుకున్నానా? తేదీని వెనక్కి, మొదటి రోజుకు తిప్పేశాను. అది ఒక మార్చి మూడో తేదీ, మంగళవారం. సాఫ్ట్‌వేరు కళ్ళు తెరిచి, "ఓహో, నేను ఈ పొద్దే కదా కొలువులో చేరింది" అనుకుని మళ్ళీ పనిలోకి దిగింది. కంప్యూటర్లకు నెట్‌లో చూసుకుని తేదీ తమంతట తామే సరిచేసుకునే పాడు అలవాటొకటి ఉంటుంది. దాన్నీ మాన్పించాను. ఆ రోజు నుంచి షాపు తెరవగానే ముందు ఊడ్చడం, తర్వాత తేదీ తిప్పడం. అలా రెండేళ్ళు. బయట వానలు కురిసి వెళ్ళాయి, ఎండలు కాసి వెళ్ళాయి, ఎలక్షన్ల మాటలు వచ్చి పోయాయి. మా పెట్టెలో మాత్రం రోజూ అదే మంగళవారం.

దీనివల్ల చిన్న ఇబ్బంది ఒకటి వచ్చింది. పెంచలయ్య జాతకంతో పాటు "ఈ రోజు గ్రహస్థితి" అని ఇంకో కాగితం ఇచ్చేవాడు. అది కంప్యూటరు తేదీని బట్టి వచ్చేది. కాబట్టి రెండేళ్ళ పాటు మా డివిజన్లో శనిగ్రహం అంగుళం కదల్లేదు. ఏలినాటి శని పట్టినవాళ్ళకు పట్టినట్టే ఉండిపోయింది. ప్రతి రోజూ మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. జనం అలవాటుపడిపోయారు.

ఇక ఖాదర్‌బీ అక్క సంగతి. ఆవిడది ఉదయగిరి. దుర్గం కొండల్లో దొరికే నర్ది చెక్కతో ఆవిడా, ఇంకో ఐదుగురు ఆడవాళ్ళూ చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కుతారు. పిడి మీద ఆకులు, తీగలు, మెలికలు. ఆవిడ చెక్కిన చెంచాతో పెరుగన్నం తింటే పొరపాటున చెంచాను కూడా నమిలేస్తారు. (ఒకసారి నేను నమిలాను. పన్ను చూపిస్తాను, రండి.) హైదరాబాదులో ఒక ఎగ్జిబిషన్లో ఆ చెంచాలను చూసి, ఒక హస్తకళల కంపెనీ తమ వెబ్‌సైటులో పెడతామంది. అయితే వాళ్ళ పద్ధతి వాళ్ళది. ఆర్డరు వచ్చిందని ఫోను చేసి చెప్పరు. మన ప్రోగ్రామే వాళ్ళ సర్వర్ దగ్గరకు తాళం వేసిన దారిలో పోయి, రహస్య సంకేతం చూపించి, "ఆర్డర్లున్నాయా?" అని అడగాలి. ఉంటే వారం లోపల మన ప్రోగ్రామే "సరే" అని కబురు పెట్టాలి. పెట్టకపోతే ఆ ఆర్డరు ఇంకో ఊరి పనివాళ్ళకు పోతుంది.

ఆవిడ మా షాపు మెట్టు మీద కూర్చుని ఇదంతా చెప్పి, నన్ను ఎగాదిగా చూసింది.

"తమ్ముడా, మిషను గరిటెలు వచ్చినాక మావి అడిగేవాళ్ళు తగ్గిపోయినారు. మా వాళ్ళు ఐదుగురూ నా మాట మీద ఓపిక పట్టి ఉండారు. ఈ కంపెనీ ఆర్డరు వచ్చిందా, పని నిలబడతాది. రాలేదా, ఉలులన్నీ మూటగట్టి అటక మీద పెట్టేసి మిరపకాయల కోతలకు పోతామంటుండారు. నీకు చేతనైతాదా, కాదా? కాకుంటే ఇప్పుడే చెప్పు, నెల్లూరు పోతాను."

నెల్లూరు పోతానన్న మాట నా గుండెల్లో బల్లెంలా దిగింది.

"అక్కా, నెల్లూరోళ్ళే వచ్చి నా దగ్గిర నేర్చుకోని పోవాల," అన్నాను.

నెల్లూరులో నన్ను ఎరిగినవాడు ఒక్కడే. వాడు నాకు ప్రింటరు ఇంకు అమ్మేవాడు.

మా ఆవిడ సుగుణ బడిలో టీచరు. ఆమె ల్యాప్‌టాప్ మీద ఇంట్లో కూర్చుని ప్రోగ్రాము రాశాను. కంపెనీవాళ్ళు పరీక్ష కోసం పెట్టిన నమూనా ఆర్డరు అడగ్గానే టక్కున వచ్చి పడింది. సుగుణను పిలిచి చూపించాను. "బాగుండాది. ఇప్పుడు నా ల్యాప్‌టాప్ నాకియ్యి," అంది. మేధావుల భార్యలు ఇలాగే ఉంటారు.

మర్నాడు ప్రోగ్రామును షాపులో పెద్ద కంప్యూటరులోకి ఎక్కించాను. ఆ పొద్దు నుంచి అదే మా సర్వరు. ఎక్కిస్తూ రెండు మెరుగులు దిద్దాను. మామూలుగా ప్రోగ్రాము దారిలో తట్టుకుని పడితే, ఫలానా చోట ఫలానా దెబ్బ తగిలిందని ఎర్ర అక్షరాలతో ఇంగ్లీషులో గోల పెడుతుంది. గిరాకీ కూర్చుని చూస్తుంటే అది నా పరువుకు తక్కువ. కనుక దాని నోరు నొక్కేశాను. ఇక రెండో మెరుగు. కంపెనీ నుంచి జవాబు ఖాళీగా వస్తే "ఈ రోజు ఆర్డర్లు లేవు" అని పచ్చ రంగులో, పక్కన ఒక గులాబీ బొమ్మతో చూపించమన్నాను. చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

మీరు తెలివైనవాళ్ళు, మీకు చెప్పనక్కర్లేదు. అయినా చెబుతాను. మనిషిని పక్కింటికి పంపి "చుట్టాలొచ్చారేమో చూసిరా" అన్నామనుకోండి. వాడు పోయి చూసి, రాలేదని చెప్పడం ఒకటి. మన గడప దగ్గరే బోర్లాపడి, నోరు కట్టేసి ఉన్నందువల్ల ఏమీ చెప్పలేక వట్టి చేతులతో నిలబడటం ఇంకొకటి. నా ప్రోగ్రాముకు రెండూ ఒకటే. రెంటికీ గులాబీయే.

రోజుకు మూడుసార్లు ఉదయగిరి నుంచి ఫోను వచ్చేది.

"తమ్ముడా, ఏమన్నా వచ్చినాయా?"

"ఇంకా రాలేదక్కా."

"బాగా చూసినావా?"

"నేను చూసేదేముండాదక్కా! కంప్యూటరే చెప్తుండాది గదా. దానికి అబద్ధం ఆడే పనేంది?"

పెంచలయ్య పక్క నుంచి అందుకునేవాడు: "ఆమెకు శని గట్టిగా ఉండాడురా. కదలడంలా." కదలకుండా పట్టుకున్నది మేమేనని మా ఇద్దరికీ తట్టలేదు.

అలా ఆరు రోజులు గడిచాయి. ఆరు రోజులకు పద్దెనిమిది గులాబీలు. ఏడో రోజు గురువారం. పొద్దున పదకొండింటికి ఉదయగిరి బస్సు ఆగింది. అందులోంచి ఖాదర్‌బీ అక్క దిగింది. బస్టాండు నుంచి మా షాపు దాకా ఆవిడ నడిచొచ్చిన తీరుకు దారిలో పడుకున్న కుక్కలు లేచి పక్కకు తప్పుకున్నాయి.

"తమ్ముడా, నా మొహం చూసి చెప్పు. ఆర్డర్లు ఉండాయా, లేవా?"

"లేవక్కా. ఇదో చూడు, గులాబీ కూడా వచ్చింది."

"ఆ గులాబీ నీ చెవులో పెట్టుకో. పొద్దున్నే కంపెనీ ఆమెకు నేనే ఫోన్ చేసినాను. నాలుగు వందల చెంచాలు, నూట ఇరవై గరిటెలు! ఆర్డరు పెట్టి ఈ పొద్దుకు వారమంట. 'మీకు ఇష్టం లేదేమో అనుకున్నామమ్మా' అంటుండాది. నాకు ఇష్టం లేదా? సాయంత్రం ఐదు లోపల మన సర్వరు సరే అనకుంటే ఇంకొకరికి ఇచ్చేస్తారంట."

"ఫోన్లోనే సరే అనేసి ఉంటే పొయ్యేది గదక్కా."

"అన్నాను. నాలుగుసార్లు అన్నాను. ఫోన్లో అన్న సరే వాళ్ళ కంప్యూటరుకు ఇనపడదంట. నా వాళ్ళు ఐదుగురూ పని ఆపేసి నా ఫోను కోసం కూచోనుండారు. ఇప్పుడు నేను వాళ్ళకేం చెప్పాల, నువ్వే చెప్పు."

మీసం సర్దుకుని, "ఐదు దాకా ఎందుకక్కా, పది నిమిషాలు చాలు," అన్నాను.

ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే ఆ పది నిమిషాలు నిజంగానే చాలేవి. కానీ అది సుగుణతో పాటు ట్రైనింగుకని నెల్లూరు పోయింది. ఆ నెల్లూరుతో నాకు మొదటి నుంచీ పడదు. ఇక మిగిలింది పెద్ద కంప్యూటరూ, నేనూ.

నా మరమ్మతులు వినండి, నేర్చుకుంటే పనికొస్తాయి. కేబులు మార్చాను. మార్చిన కేబులును తిప్పి పెట్టాను. రూటరును ఆపి, వంద లెక్కపెట్టి, మళ్ళీ వేశాను. ఇది పంతొమ్మిదిసార్లు. నా ఫోన్లో చూస్తే కంపెనీ వెబ్‌సైటు పెళ్ళిపందిరిలా కళకళలాడుతూ తెరుచుకుంటోంది. నా ప్రోగ్రాములో చూస్తే గులాబీ. కంపెనీ చిరునామా తప్పు పడిందేమోనని అక్షరం అక్షరం పోల్చాను, తప్పు లేదు. రహస్య సంకేతం మళ్ళీ టైపు చేశాను. గులాబీ. ప్రోగ్రామంతా చెరిపి మొదటి నుంచి రాశాను. రెండోసారి ఇంకా బాగా వచ్చింది. గులాబీ కూడా ఇంకా బాగా వచ్చింది.

"ఒరే, దాన్ని తూరుపు మొహంగా తిప్పి చూడరాదా," అన్నాడు పెంచలయ్య.

"సర్వరుకు తూరుపేందిరా?"

"నీ ఉపాయాలన్నీ అయిపోయినాయి గదా. నాదొకటి చూడు."

తిప్పాము. ఇద్దరం చెరొక పక్క పట్టి, కంప్యూటరును పెళ్ళికొడుకును కూర్చోబెట్టినట్టు తూర్పుకు కూర్చోబెట్టాం. గులాబీ తూర్పు మొహంగా పూసింది.

మూడయింది. పెంచలయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంక ముట్టుకోవాకరా. రాహుకాలం. నాలుగున్నర దాకా ఏం చేసినా కలిసిరాదు."

మిషను బడి అయ్యవారి మనవణ్ణి నేను. రాహుకాలం మాట వింటే మా తాత సమాధిలో లేచి కూర్చుంటాడు. కానీ ఆ రోజు ఎవరేం చెప్పినా నమ్మే స్థితిలో ఉన్నాను. చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆత్మకూరులో గురువారం నాడు మంగళవారపు రాహుకాలం పాటించిన ఏకైక బాప్టిస్టు క్రైస్తవుణ్ణి నేనే. ఈ ఘనత కూడా నాకే దక్కింది.

ఆ గంటన్నర ఖాదర్‌బీ అక్క సంచిలోంచి సగం చెక్కిన చెంచా ఒకటి తీసి, చిన్న ఉలితో పిడి మీద ఆకు తీస్తూ కూర్చుంది. మధ్యలో రెండుసార్లు ఫోను మోగింది. ఉదయగిరి నుంచే. ఆవిడ తీయలేదు. ఏం చెబుతుంది? నేను ఆ ఫోను వంక చూడకుండా గోడ మీద బల్లిని చూస్తూ గడిపాను. నవ్వుల కథలో ఆ గంటన్నర గురించి ఇంతకంటే రాయలేను.

నాలుగున్నరకు ఉలి పక్కన పెట్టి అడిగింది.

"తమ్ముడా, నీ ప్రోగ్రాము పోయి వచ్చినాక ఏం జరిగిందో నీకు చెప్పదా?"

"చెప్తాదక్కా. నేనే నోరు నొక్కినాను."

"ఎందుకని?"

"పరువు కోసం."

ఆవిడ నన్ను చూసిన చూపుకు యూపీఎస్ బీప్‌మంది.

"తీ ఆ చెయ్యి దాని నోటి మీద నుంచి."

తీశాను. తెర మీద ఎర్రగా ఒక్క ఇంగ్లీషు వాక్యం పడింది. ఆరు రోజులుగా మింగి దాచుకున్న మాట. తెలుగులో చెప్పాలంటే: "ఎదుటి సర్వర్ సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదు. అందుకని మాట్లాడలేదు."

ఈ సర్టిఫికెట్ అంటే బస్సు పాసు లాంటిది. తాళం వేసిన దారిలో మాటలు మొదలయ్యే ముందు ఎదుటి సర్వర్ తన పాసు చూపించాలి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని దాని మీద ఉంటుంది. మన కంప్యూటరు కండక్టరు. తేదీ కుదరకపోతే ఎక్కనివ్వదు.

ఇది చదవగానే నాలో వెయ్యి దీపాలు వెలిగాయి. వెలగాల్సిన దీపం తప్ప.

"దొరికినారు!" అని అరిచాను. "అక్కా, తప్పు మనది కాదు, వాళ్ళది! వాళ్ళ పాసు చెల్లదంట! ఇంత పెద్ద కంపెనీ పెట్టుకోని, చెల్లని పాసుతో తిరుగుతుండారు! ఉండు, కడిగేస్తాను."

కంపెనీకి ఫోను కలిపాను. అందరూ వినాలని స్పీకరు పెట్టాను. అప్పటికి షాపులో పెంచలయ్య దగ్గర జాతకానికి వచ్చిన అనంతసాగరం పెద్దమనిషి కూడా ఉన్నాడు. నా ప్రతాపానికి సాక్షి ఒకడుంటే మంచిదే కదా అనుకున్నాను. అవతల ఇంజనీరమ్మ తీసింది. చిన్న వయసు గొంతు, మర్యాదస్తురాలు.

"అమ్మా, నేను ఆత్మకూరు నుంచి దానియేలును. మీ సర్టిఫికెట్ చెల్లుబాటులోనే లేదంట గదా! ముందు మీ ఇల్లు మీరు సర్దుకోకుండా మా ఆర్డరు రద్దు చేస్తామంటారా?"

"సార్, మా సర్టిఫికెట్ బాగానే ఉందండీ. ఈ రోజు మూడు వందల మంది వాడుతున్నారు. ఎవరికీ..."

"వాళ్ళు చూసుకోని ఉండరమ్మా. మాది చాలా జాగర్త గల సర్వరు. మావైపు పొరపాటు జరగదు."

"సరే సార్. ఒక్క సంగతి చెప్తారా? మీ సర్వర్‌లో ఇప్పుడు తేదీ ఎంత చూపిస్తోంది?"

"తేదీయా? తేదీ దగ్గిర నేను ఎంత జాగర్తగా ఉంటానో ఈ ఊరందరికీ తెలుసు. రోజూ పొద్దున్నే నా చేత్తో నేనే సరిచేస్తాను. రాసుకోండి." తెర మూలకు వంగి, గొంతు సవరించుకుని, రేడియోలో వార్తలు చదివినట్టు చదివాను. "మంగళవారం. మార్చి మూడు. రెండువేల పదిహేను."

ఫ్యాను ఒక చుట్టు మానేసిందని నా అనుమానం.

ఖాదర్‌బీ అక్క మెల్లగా అంది: "తమ్ముడా, ఈ పొద్దు గురువారం గదా."

"పదిహేడో సంవత్సరం గదా," అన్నాడు అనంతసాగరం పెద్దమనిషి.

స్పీకరులో ఇంజనీరమ్మ దగ్గుతున్నట్టు వినిపించింది. దగ్గు కాదని నాకు తెలుసు.

అంతే! ఆ క్షణంలో నాలోని సింహం జూలు విదిల్చింది. కుర్చీలోంచి లేచాను. మౌసు అందుకున్నాను. పెంచలయ్య అడ్డం వచ్చాడు.

"ఒరే ఒరే, తేదీ మార్చవాక! ఈయన జాతకం సగంలో ఉండాది! మారిస్తే మూసుకుపోతాది!"

"జరుగు," అన్నాను. ఒక్క మాటే. మేఘం ఉరిమినట్టుంటుంది నా గొంతు అలాంటప్పుడు. రెండేళ్ళ మంగళవారాన్ని ఒక్క దెబ్బతో గురువారం చేశాను. జాతకాల సాఫ్ట్‌వేరుకు ఒక్కసారిగా రెండేళ్ళ వయసు మీదపడింది. అది గడువు ముగిసిందని చెప్పి కన్ను మూసింది. అనంతసాగరం పెద్దమనిషి జాతకం కుటుంబ స్థానం దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన ఈనాటికీ కనిపించినప్పుడల్లా "నా సంతానం సంగతి చెప్పకుండా పోయినారే" అంటాడు. అప్పటికే ఆయనకు నలుగురు పిల్లలు.

ప్రోగ్రామును నడిపాను. గులాబీ లేదు! తెర నిండా ఆర్డరు. నాలుగు వందల చెంచాలు, నూట ఇరవై గరిటెలు. ఐదుకు నాలుగు నిమిషాలుండగా నా చేత్తో "సరే" నొక్కాను. అవతలి నుంచి "అందింది" అని జవాబు వచ్చింది.

"ఎన్నాళ్ళలో పంపుతారమ్మా?" అని స్పీకరులో ఇంజనీరమ్మ అడిగింది.

"మిషను మీద చేసేదైతే ఎల్లుండే పంపుదుం," అంది ఖాదర్‌బీ అక్క. "మాది చేతిపని. నలభై రోజులు. ఒక్క చెంచా వంకరున్నా వాపసు పంపు, మారు మాట్లాడను."

తర్వాత ఉదయగిరికి ఫోను చేసింది. ఏం చెప్పిందో నేను వినలేదు, వినాల్సిన పని లేకపోయింది. అవతల ఐదుగురు ఒక్కసారిగా వేసిన కేక స్పీకరు లేకుండానే మా షాపంతా వినిపించింది.

ముప్పై ఆరో రోజుకే సరుకు పోయింది. ఒక్కటీ వాపసు రాలేదు. ఆ కంపెనీ అదే నెలలో ఇంకో ఆర్డరు పెట్టింది. ఉలులు ఇప్పటికీ అటక ఎక్కలేదు. ఉదయగిరి వెళ్ళినప్పుడు ఆ ఇంటి ముందు నుంచి పోతుంటే టకటకమని చెక్క మీద ఉలి చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు నా ఛాతీ ఎంత పొంగుతుందో మీకు చెప్పలేను. చొక్కా గుండీ ఒకటి ఆ వీధిలోనే ఎక్కడో పోయింది.

కాబట్టి ఈ సభాముఖంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణముండగా ఏ ప్రోగ్రాము నోరూ నొక్కను. పడ్డానని చెబితే యాడ దెబ్బ తగిలిందని అడుగుతాను. ఖాళీ చేతులతో వచ్చినదాన్ని లేదన్నదిగా లెక్కపెట్టను. ఎదుటివాణ్ణి కడిగేసే ముందు మన గోడ మీద క్యాలెండరు చూస్తాను. పెంచలయ్య కోసం ఆ సాఫ్ట్‌వేరు కొనిపెట్టాను కూడా. శని కదిలాడు. జనం చాలామంది తేలికపడ్డారు.

ఇక యూపీఎస్ మీద ఒట్టు సంగతి. ఇది రాస్తుంటే రూటరులో ఒక దీపం మిణుకుమిణుకుమంటోంది. మిగతావి కూడా ఆరకముందే ఒప్పేసుకుంటాను. ఇందులో కల్పించింది ఒక్కటే ముక్క: ఆ సింహం, జూలు, నేను కుర్చీలోంచి లేవడం. లేచిన మాట నిజమే. లేచి, "టీ చెప్పొస్తా," అని బయటికి పోయి బస్టాండులో పొదలకూరు బస్సు వెనక నిలబడ్డాను. తేదీ మార్చింది ఖాదర్‌బీ అక్క. జీవితంలో అంతకుముందు మౌసు ముట్టుకోని మనిషి. స్పీకరులో ఇంజనీరమ్మ చెబుతుంటే, ఉలి పట్టినట్టు మౌసు పట్టి, ఒక చేత్తో పెంచలయ్యను తోసేసి, మంగళవారాన్ని గురువారం చేసింది. "సరే" కూడా తనే నొక్కింది. మేఘంలా ఉరిమిన గొంతూ ఆవిడదే. బస్సు వెనక దాకా వినిపించింది.

ఇప్పుడు ఆరుగురి ఆర్డర్లూ ఆవిడే ఉదయగిరిలో సొంత కంప్యూటరు పెట్టుకుని చూసుకుంటోంది. ఎక్కడైనా ఖాళీ జవాబు వస్తే ముందు తేదీ చూస్తుంది, తర్వాత ఎర్ర అక్షరాలు చదువుతుంది, చివరికి నాకు ఫోను చేసి నవ్వుతుంది. ఏమైనా ఒక్క మాట ఒప్పుకోవాలి మీరు. దుర్గం కొండ కింద చెక్కపని చేసుకునే మనిషికి సర్వరు మరమ్మతు నేర్పిన గురువును నేనే. పారిపోయి నేర్పాను.